నాలుగిళ్లలో ఉన్న తాతయ్య పతకాలు

దసరా రోజుల్లో కాకినాడలో మా మేనత్త ఇంటికి వెళ్లేసరికి ఆమె పెరట్లో కూర్చుని చింతపండుతో ఇత్తడి సామాను తోముతోంది. కుందులు, హారతి పళ్లెం, గంట, చెంబు వరసగా మెరుస్తున్నాయి. వాటి పక్కన తడి పళ్లెంలో ఆరు కోణాల నక్షత్రం ఒకటి. అదీ తళతళలాడుతోంది. తుడిచి, పూజగదిలో పెట్టి, దానికీ బొట్టు పెట్టింది. "మీ తాతయ్యది. ఏటా ఆయుధపూజకు ఇలాగే పెడతాను" అంది.

అది బర్మా స్టార్. రెండో ప్రపంచ యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసిన నావికులకూ దక్కిన పతకం. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. సర్వీసు నంబరులో మొదటి రెండు అంకెలు కనిపిస్తున్నాయి. ఆ తర్వాతంతా నున్నటి లోహం. నలభై దసరాల చింతపండు తాతయ్య పేరును అరగదీసింది. అత్తయ్య ముఖంలో సంతోషం చూశాక ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. తాతయ్య పతకాలన్నిటినీ ఒకచోట చేర్చే ఈ పని మొదలుపెట్టింది మాత్రం ఆ రోజే.

తాతయ్యది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1940లో పద్దెనిమిదేళ్ల వయసులో రాయల్ ఇండియన్ నేవీలో చేరారు. యుద్ధం ముగిశాక ఇంటికి వచ్చి, బందరు తంతి కార్యాలయంలో ఉద్యోగం చేసి, 1983లో పోయారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. యుద్ధం గురించి ఆయన మాట్లాడగా విన్న గుర్తు లేదు. అన్నానికి కూర్చున్నప్పుడు చూపుడువేలితో పీట అంచు మీద టకటకలాడించే అలవాటు మాత్రం బాగా గుర్తుంది. "అన్నం ముందు ఆ దరువేమిటి?" అని నాయనమ్మ విసుక్కునేది.

పతకాలు నాలుగు, పిల్లలు నలుగురు. పెద్దకర్మ అయిన మర్నాడు నాయనమ్మ ఇత్తడి సామానుతో పాటు వాటినీ పంచేసింది. పెదనాన్నకు 1939-45 స్టార్, దానితో పాటు కాగితాలున్న ట్రంకు పెట్టె. అత్తయ్యకు బర్మా స్టార్. మా నాన్నకు వార్ మెడల్. చిన్నాన్నకు ఇండియా సర్వీస్ మెడల్. ఎవరికీ లోటు రాకూడదని ఆమె తాపత్రయం. ఒక మనిషి ఆరేళ్ల జీవితం ఆ రోజు నాలుగు ముక్కలై నాలుగు ఊళ్లకు వెళ్లిందని ఎవరికీ తోచలేదు.

ముందు మా ఇంట్లో ఉన్న దానితోనే మొదలుపెట్టాను. నాన్న పోయాక ఆయన బీరువా సొరుగులో పాత కళ్లజోళ్ల మధ్య దొరికింది వార్ మెడల్. రాగి, నికెల్ కలిసిన లోహం, వెండిలా ఉంటుంది, అడ్డంగా 36 మిల్లీమీటర్లు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి తల. రెండో వైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. ఆ రెండు తలల్లో ఒకటి గద్ద తల. చాలా కాలం నేను బొమ్మలే చూశాను. చూడవలసింది అంచును. భూతద్దం పెట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పితే, రూపాయి నాణేనికి గీతలుండే చోట, అక్షరాలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. సర్వీసు నంబరు, టి, ఈ, ఎల్ అని మూడక్షరాలు, తాతయ్య పేరు, ఇంటి పేరు, చివర ఆర్.ఐ.ఎన్. బ్రిటన్‌లో తమ సైనికులకు ఇచ్చిన ఈ పతకాల మీద పేర్లు వేయలేదు. మన దేశంలో ఇచ్చిన వాటి మీద వేశారు. ఆ ఒక్క కారణం వల్లే ఇవాళ ఇది ఎవరిదో చెప్పగలుగుతున్నాం. అత్తయ్య దగ్గర అరిగిపోయిన అంకెలన్నీ మా అంచు మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంకా రెండు చోట్ల ఇదే నంబరు ఉండి తీరాలి.

బందరులో ఉండే పెదనాన్నకు బాగా వయసు మళ్లింది. అంచు మీది అక్షరాలు ఫోనులో ఫోటో తీసి చూపిస్తే, "టెల్ అంటే తెలుగువాడని అమ్మా. అన్ని భాషల వాళ్లూ ఉండేవాళ్లు కదా, గుర్తుకోసం వేశారు" అన్నారు. ఆయన అంత నమ్మకంగా అనేసరికి నేనూ కాసేపు నమ్మాను. నిజానికి టెలిగ్రాఫిస్టుకు నౌకాదళం వాడే పొట్టి రాత అది. అంటే వైర్‌లెస్ మీద మోర్సు సంకేతాలు పంపే, వినే మనిషి. ఆ సంగతి చదివినప్పుడు పీట అంచు మీద టకటకలాడే వేలు కళ్ల ముందుకు వచ్చింది. అది దరువు కాదు. ఏదో మాట. ఏ మాటో ఇక తెలియదు.

ట్రంకు పెట్టె తెరిచేసరికి కలరా ఉండల వాసన ముక్కుపుటాలను మండించింది. దాని కింద వేపాకు పొడి, దాని కింద కాగితాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పల్లెలో ఉన్న మా పాత ఇంట్లోకి నీళ్లొచ్చి ఈ పెట్టె ఒక రాత్రంతా ఉప్పునీటిలో ఉంది. వేలాది మంది పోయిన ఆ రాత్రి ఒక పెట్టె మిగలడమే అదృష్టం. నీళ్లు తీశాక నాయనమ్మ ఒక్కొక్క కాగితాన్నీ దండెం మీద చీరలు ఆరేసినట్టు ఆరేసిందట. ప్రతి కాగితం మీదా నీళ్లు ఎంతవరకు పాకాయో చూపించే గోధుమరంగు గీత ఉంది, పాత గోడల మీద వరద గుర్తులా.

పెట్టెలో ఉన్నవి ఇవి: ఒక సర్వీసు సర్టిఫికెట్, పదకొండు ఉత్తరాలు, మూడు ఫోటోలు, పతకంతో పాటు వచ్చిన అట్ట డబ్బా మూత, గుడ్డముక్కలో చుట్టిన 1939-45 స్టార్. స్టార్ మీద లేత ఆకుపచ్చ పొడి, ముట్టుకుంటే రాలుతోంది. మామూలు చిలుము అనుకుని గోటితో గీకబోయి ఆగాను. ఆగడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

సర్టిఫికెట్‌ను పెదనాన్న ఎప్పుడో లామినేషన్ చేయించారు. "మళ్లీ ఉప్పెన వచ్చినా తడవకూడదని" అన్నారు. ఆ మాట విన్నాక ఇంకేమీ అనలేకపోయాను. మన ఇళ్లలో పదో తరగతి సర్టిఫికెట్ నుంచి పట్టాదారు పాసుపుస్తకం దాకా విలువైన కాగితం ఏదైనా సరే ముందు లామినేషన్ దుకాణానికే వెళుతుంది. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితపు పోగుల్లోకి దిగిపోతుంది, దాన్ని ఇంట్లో ఎవరూ విడదీయలేరు. మా కాగితంలో అప్పటికే ఉన్న ఉప్పు, చెమ్మ కూడా లోపలే బందీలయ్యాయి. ఒక మూల నల్లగా మారుతోంది. కనీసం మీ ఇంట్లో ఇంకా లామినేషన్ చేయని పాత కాగితం ఉంటే దాన్ని అలాగే వదిలేయమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ సర్టిఫికెట్‌లో ఆయన పనిచేసిన చోట్ల పట్టిక ఉంది. డల్హౌసీ, తల్వార్, కిస్ట్నా అని మూడు పేర్లు, పక్కన తేదీలు. ఇంట్లో అందరూ దాన్ని మరోలా చదువుకున్నారు. డల్హౌసీ అంటే హిమాలయాల్లోని ఊరు, శిక్షణకు పంపి ఉంటారని. కిస్ట్నా అంటే మన జిల్లా, సెలవు మీద ఇంటికి వచ్చిన రోజులని. కృష్ణా జిల్లాను ఇంగ్లీషులో అప్పట్లో అలాగే రాసేవారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆ వరుసలోని తేదీలు 1944 నుంచి 1945 దాకా ఉన్నాయి. యుద్ధం మధ్యలో అంత సెలవు ఎవరిస్తారు?

జవాబు ఉత్తరాల్లో దొరికింది. అన్నీ తన తండ్రికి రాసినవి, అన్నిటి మీదా సెన్సారు ముద్ర. ఓడ పేరు, ఉన్న చోటు రాయడానికి వీల్లేదు. 1945లో రాసిన కార్డు మీద పెన్సిలు అక్షరాలు వెలిసిపోయాయి. పక్క నుంచి టార్చిలైటు వేస్తే పెన్సిలు నొక్కిన గాడి కనిపిస్తుంది. అలా చదివాను: "మన ఏటి మీదనే ఉన్నాననుకొని దిగులు పడవద్దు." ఓదార్పు మాటనుకుని రెండు రోజులు వదిలేశాను. మూడో రోజు రాత్రి హఠాత్తుగా వెలిగింది. హెచ్‌ఎంఐఎస్ కిస్ట్నా ఒక యుద్ధనౌక. గ్లాస్గోలో యారో కంపెనీ కట్టగా 1943లో భారత నౌకాదళంలో చేరిన స్లూప్, అంటే ఇతర ఓడలకు కాపలాగా వెళ్లే చిన్న యుద్ధనౌక. ఆ తరగతిలోని భారత నౌకలకు మన నదుల పేర్లే పెట్టారు: సట్లెజ్, జమునా, నర్బదా, కావేరి, గోదావరి, కిస్ట్నా. దివిసీమ కుర్రవాడు తన ఏటి పేరున్న ఓడ మీద ఉండి, సెన్సారు కంటపడకుండా ఆ సంగతి తండ్రికి చెప్పాడు. తండ్రికి అర్థమైందో లేదో. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. నేను ఆ అర్ధరాత్రే పెదనాన్నకు ఫోను చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏదీ, ఆ ముక్క మళ్లీ చదువు" అన్నారు.

మిగతా రెండు పేర్లూ తేలిపోయాయి. డల్హౌసీ, తల్వార్ రెండూ బొంబాయిలోని నౌకాదళ కేంద్రాలు. తల్వార్ సిగ్నల్ శిక్షణ కేంద్రం. తాతయ్యను విడుదల చేసింది 1946 జనవరిలో. మరుసటి నెల 18న అదే తల్వార్‌లో నావికుల సమ్మె మొదలై రోజుల్లో ఎన్నో ఓడలకు పాకింది. తనకు తెలిసిన కుర్రవాళ్ల సంగతులు బందరులో పత్రికల్లో చదువుతూ ఆయన ఏమనుకున్నారో అడగడానికి ఎవరూ మిగల్లేదు.

ఇక స్టార్ మీది ఆకుపచ్చ పొడి. మ్యూజియంలో లోహపు వస్తువుల సంరక్షణ చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన హైదరాబాదులో ఉన్నారని స్నేహితురాలు చెబితే తీసుకెళ్లాను. ఆయన ముందు నా చేతులు చూశారు. "చెమటలో ఉప్పుంటుంది. లోహాన్ని ఉత్త వేళ్లతో పట్టుకోవద్దు" అని నూలు తొడుగులు ఇచ్చారు. కాగితాలకైతే తొడుగులు అక్కర్లేదట. వాటితో కాగితం అంచు తెలియక చిరిగిపోతుంది. కడిగి తుడుచుకున్న పొడి చేతులే మేలు. రాగి, జింకు కలిసిన ఈ లోహంలో ఉప్పెన ఉప్పు ఇంకా ఉందని, చెమ్మ తగిలినప్పుడల్లా అది లోపలి నుంచి తింటూ ఉంటుందని చెప్పారు. వెదురు పుల్ల చివర చెక్కి, భూతద్దం కింద, పొడిని మాత్రమే ఒక్కో చుక్కగా తీశారు. నిలువునా మూడు గంటలు. కింద ఉన్న గోధుమరంగు పొరను తాకలేదు. "ఈ రంగు మురికి కాదమ్మా, ఇదే దీని చర్మం" అన్నారు. స్వేదనజలంతో కడిగి ఆరబెట్టాక వెనక వైపు చూపించారు. నంబరు, టెల్, పేరు. మా ఇంటి మెడల్ అంచు మీద ఉన్నవే, ఒక్క అంకె తేడా లేదు.

చిన్నాన్న ఇల్లు అదే ఊళ్లో. ఆయన పతకాన్ని హాల్లో గోడకు ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. ఎర్ర మఖమలు మీద ఇండియా సర్వీస్ మెడల్, గాజు వెనక. చాలా అందంగా ఉంది. కానీ ఫ్రేము కట్టినతను దాన్ని బంకతో అంటించాడు. రిబ్బను ఎదురుగా ఉన్న కిటికీ ఎండకు వెలిసి, లేత నీలం చారలకూ ముదురు నీలం చారలకూ తేడా తెలియడం లేదు. "ముప్పై ఏళ్లుగా రోజూ కళ్లకద్దుకుంటున్నాను, తీస్తే పాడవుతుందేమో" అని చిన్నాన్న ఒప్పుకోలేదు. రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చాను. మూడోసారి కిస్ట్నా కార్డు ఫోటో తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆయనే లేచి స్టూలు వేసుకుని ఫ్రేము దించాడు.

పెద్దాయన మఖమలును వెనక నుంచి కత్తిరించి, అసిటోనులో ముంచిన దూది చుట్టలతో బంకను మెత్తబరుస్తూ వచ్చారు. పతకం ఊడి వచ్చాక చూస్తే అంచు మీద అదే నంబరు. వెనక్కి తిప్పితే భారతదేశ పటం. పైన ఇండియా అని, కింద 1939-45 అని. దేశం రెండు కాకముందు పటం, కరాచీ నుంచి చిట్టగాంగ్ దాకా ఒకే గీత. ముప్పై ఏళ్లుగా చిన్నాన్న చూస్తున్నది రాజుగారి తలను మాత్రమే. ఆయన ఆ పటాన్ని అరచేతిలో పెట్టుకుని, తొడుగు వేసుకున్న వేలితో కింద కుడి వైపు తడిమాడు. "మనం ఇక్కడ" అన్నాడు.

నాలుగూ ఒక బల్ల మీద చేరాక వాటిని ఇచ్చిన నిబంధనలు చదివాను. అప్పటికి గాని ఆరేళ్లూ ఒక వరుసలోకి రాలేదు. ఇండియా సర్వీస్ మెడల్‌కు యుద్ధరంగానికి దూరంగా దేశంలో మూడేళ్ల సేవ కావాలి. అంటే 1940 నుంచి మొదటి మూడేళ్లు ఆయన బొంబాయి ఒడ్డునే ఉన్నారు. నౌకాదళం వారికి 1939-45 స్టార్ రావాలంటే యుద్ధప్రాంతపు సముద్రంలో ఆరు నెలలు గడపాలి. అది సంపాదించాకే బర్మా స్టార్, అదీ బంగాళాఖాతంలో పనిచేస్తేనే. సర్టిఫికెట్‌లోని తేదీలు వీటితో అచ్చంగా సరిపోయాయి. ఆరేళ్లూ సముద్రం మీదే యుద్ధం చేశారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. అది నిజం కాదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒడ్డున మూడేళ్లు చుక్కలూ గీతలూ విన్న మనిషి, ఆ తర్వాత సముద్రం మీదికి వెళ్లారు. నాకైతే ఈ తాతయ్యే ఎక్కువ దగ్గరగా అనిపించారు. ఏ ఒక్క ఇంట్లోని పతకమూ ఈ సంగతి ఒంటరిగా చెప్పలేదు.

భద్రపరచడం దగ్గర పెద్ద ఖర్చేమీ కాలేదు, ఓపికే కావాలి. ఉత్తరాలకు గుచ్చిన గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి. వాటిని లాగకుండా రెండు వైపులా పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని దాని మీదికి జరుపుతూ తీశాను. చిరుగులకు సెల్లోటేపు వేయలేదు. మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి, ఒక్కో ఉత్తరానికీ ఒక్కో కవరు. ఫోటోల వెనక పేర్లు రాయడానికి మెత్తని పెన్సిలు తప్ప ఇంకేదీ వాడలేదు. అన్నిటికీ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, రెండు వైపులా స్కాను తీసి నాలుగిళ్లకూ ప్రతులు పంపాను. ఖాళీగా ఉన్న వెనక వైపునూ వదలలేదు, అక్కడే కదా పోస్టాఫీసు ముద్రలుండేది. సర్టిఫికెట్‌ను పెద్దాయన సలహా మీద ప్లాస్టిక్ తీయకుండానే చీకట్లో విడిగా ఉంచాను. పాత రిబ్బన్లను ఉతకలేదు, రంగులు దిగిపోతాయి. బర్మా స్టార్ రిబ్బను మధ్యలోని ఎర్రచార మీద పసుపు మరక ఉంది. అది అలాగే ఉంటుంది. అదీ దాని చరిత్రే. పతకాలు ఒకదానికొకటి తగలకుండా గూళ్లున్న పెట్టె, గూటికో పొర మెత్తని కాగితం, మూలల్లో సిలికా జెల్ సంచులు. వాటి నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. కోస్తాలో వానాకాలం నెలకోసారి మార్చవలసి వస్తోంది. కలరా ఉండలు, కర్పూరం, వేపాకు ఇక ఆ దరిదాపులకు రానివ్వడం లేదు.

పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏది ఎవరి ఇంట్లో ఎన్నేళ్లు ఉంది, దానికి ఏం జరిగింది, ఎవరు ఏమని చెప్పారు, అన్నీ తేదీలతో అందులో ఉన్నాయి. టెల్ అంటే తెలుగువాడన్న పెదనాన్న మాట కూడా రాశాను. నౌకాదళ నావికుల సర్వీసు రికార్డులు చూసే బ్యూరో ముంబయిలో మాన్‌ఖుర్ద్ దగ్గర చీతా క్యాంపులో ఉంది. నంబరు మూడు పతకాల మీద నిర్ధారణ అయింది కాబట్టి, ఇంకేమైనా వివరాలుంటే ఇవ్వమని వాళ్లకు ఈ వారమే ఉత్తరం పోస్టు చేశాను.

మిగిలింది ఒకటే చిక్కు. పెట్టె ఎవరింట్లో ఉండాలి? తాతయ్య తద్దినానికి బందరులో అందరం కలిసినప్పుడు పెదనాన్నే తేల్చారు. దసరా నుంచి దసరా దాకా ఒక్కొక్కరి ఇంట్లో ఒక ఏడాది, ఎక్కడున్నా నాలుగూ కలిసే ఉండాలి, విడదీయకూడదు. మొదటి వంతు ఆడపడుచుకు ఇచ్చారు. చింతపండు సంగతి అత్తయ్యకు అక్కడే చెప్పాను. ఆమె నక్షత్రాన్ని తొడుగు వేసిన చేత్తో తిప్పి, అరిగిన చోటును చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. "ఎవరూ చెప్పలేదే నాన్నా" అంది.

ఈ దసరాకు మళ్లీ కాకినాడ వెళ్లాను. కుందులు, హారతి పళ్లెం, గంట, చెంబు చింతపండుతో తోమి వరసగా పెట్టి ఉన్నాయి. పూజగదిలో పీట మీద మా పెట్టె, మూత వేసి ఉంది. అత్తయ్య కుంకుమ భరిణె తీసి, బొట్టు మూత మీద పెట్టింది.